పదో తరగతి రాసిన పిల్లలు వేసవిలో పనికి వెళ్లడం మంచిదేనా?

పటమట గృహిణి:

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి పదిహేనేళ్లు నిండాయి. మార్చిలో పదో తరగతి పరీక్షలు రాశాడు. ఇంటర్మీడియట్ తరగతులు మొదలయ్యే వరకు వాడికి వేరే పనేమీ లేదు. ఏలూరు రోడ్డులో మాకు చాలాకాలంగా తెలిసినవారి పుస్తకాల దుకాణం ఉంది. బడులు తెరిచే ముందు వారికి ఊపిరి సలపనంత పని ఉంటుంది. నోటుబుక్కుల కట్టలు దించుకోవడం, తరగతుల వారీగా సెట్లు కట్టడం, వచ్చినవారికి చీటీ చూసి సరుకు తీసి ఇవ్వడం వంటి పనులకు మనుషులు చాలరు. మే నెలంతా తాను వెళ్లి సాయం చేస్తానని మావాడు తనంతట తానే అడిగాడు. దుకాణం యజమాని కూడా సంతోషంగా రమ్మన్నారు, ఎంతో కొంత ఇస్తానని కూడా అన్నారు.

మా అత్తగారికీ మామగారికీ ఇది బొత్తిగా ఇష్టం లేదు. మనకేం తక్కువైందని పిల్లవాణ్ణి కొట్లో నిలబెడతారని మామగారు రెండు రోజులుగా బాధపడుతున్నారు. ఆ బాధను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. వారి చిన్నతనంలో పనికి వెళ్లిన పిల్లవాడంటే చదువు మానేసిన పిల్లవాడే.

కానీ నాకు కనబడుతున్నది ఇంకొకటి ఉంది. మావాడు వర్గ సమీకరణాలు చకచకా చేస్తాడు గానీ ఇంటికి గ్యాసు బండ తెచ్చిన మనిషితో నాలుగు మాటలు మాట్లాడమంటే లోపలికి వెళ్లిపోతాడు. ఉదయం ఎనిమిదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి వరకు బడి, స్టడీ అవర్, ట్యూషన్ తప్ప వాడు చూసిన లోకం లేదు. ఇలాంటి పిల్లలకు వేసవి పని వల్ల నిజంగా మేలు జరుగుతుందా, చట్టం ఏమంటుంది, రోజుకు ఎన్ని గంటలు పంపవచ్చు, డబ్బు తీసుకోనివ్వాలా వద్దా అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

బ్రాడీపేట విశ్రాంత ఉపాధ్యాయుడు:

అమ్మా, మీ ప్రశ్న చాలా సంతోషం కలిగించింది. ఉన్నత పాఠశాలలో గణితం చెప్పిన వాణ్ణి కాబట్టి నేను చూసినది రాస్తాను.

సెలవుల్లో తండ్రి కొట్లోనో బాబాయి ప్రెస్సులోనో కూర్చుని వచ్చిన పిల్లలను బడి తెరిచిన మొదటి వారంలోనే గుర్తుపట్టగలిగేవాణ్ణి. వారికి శాతాలు కొత్తగా చెప్పనక్కరలేదు. పన్నెండు నోటుబుక్కులు ఒక డజను, పన్నెండు డజన్లు ఒక గ్రోసు, గ్రోసు మీద టోకు వ్యాపారి ఇచ్చే తగ్గింపు ఎంత, విడిగా అమ్మితే మిగిలేది ఎంత అన్నది వారికి నోటి లెక్కగా వచ్చేది. పాఠ్యపుస్తకంలో లాభనష్టాల అధ్యాయం తెరిచినప్పుడు మిగతా పిల్లలు సూత్రం కోసం వెతుక్కుంటుంటే వీరు ముందు కొన్న ధర ఎంతని అడిగేవారు. నాకు కావలసిన ప్రశ్న కూడా అదే.

లెక్కల కంటే పెద్ద లాభం ఇంకొకటి ఉందని నా అభిప్రాయం. ఇంట్లో పిల్లవాడు ఆలస్యంగా లేస్తే తల్లి సర్దుకుంటుంది, బడిలో తప్పు చేస్తే మార్కు తగ్గుతుంది, రెండు చోట్లా నష్టం వాడి వరకే ఆగిపోతుంది. దుకాణంలో ఏడో తరగతి సెట్టులో హిందీ నోటుబుక్కు పెట్టడం మరిచిపోతే ఎండలో మంగళగిరి నుంచి వచ్చిన తండ్రి మళ్లీ రావలసి వస్తుంది. తన అజాగ్రత్త వల్ల ముక్కూమొహం తెలియని మనిషికి ఇబ్బంది కలుగుతుందన్న ఎరుక పదిహేనేళ్ల వయసులో కలిగితే అది జీవితాంతం ఉంటుంది. ఈ జవాబుదారీతనాన్ని నేను ఎన్నేళ్లు పాఠం చెప్పినా తరగతి గదిలో నేర్పలేకపోయాను, ఎందుకంటే అక్కడ దానికి అవకాశమే లేదు.

2020 జాతీయ విద్యా విధానం కూడా ఈ దారినే చూపింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్యలో పిల్లలు పది రోజుల పాటు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు వంటి పనివారి దగ్గర పని నేర్చుకోవాలని, పన్నెండో తరగతి వరకు సెలవుల్లో కూడా అలాంటి అవకాశాలు కల్పించవచ్చని అందులో రాసి ఉంది. పని చేయడం చదువుకు ఎదురు నిలిచేది కాదని మీ మామగారికి చెప్పడానికి ఇది పనికివస్తుందేమో చూడండి.

గుంటూరు న్యాయవాది:

చట్టం సంగతి నేను చెబుతాను. చాలామంది పద్దెనిమిదేళ్ల లోపు ఎవరూ పనిచేయకూడదని అనుకుంటారు, ఇంకొందరు పధ్నాలుగు దాటితే ఏ పనైనా చేయించవచ్చని అనుకుంటారు. రెండూ సరికావు.

1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. ఆ సవరణ ప్రకారం పధ్నాలుగేళ్లు నిండని పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి వేళలు అయ్యాక గానీ సెలవుల్లో గానీ సొంత కుటుంబ వ్యాపారంలో, అదీ ప్రమాదం లేని పనిలో, సాయం చేయడానికి మాత్రం మినహాయింపు ఉంది. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో పాటు తల్లిదండ్రుల తోబుట్టువులు కూడా ఈ కుటుంబం కిందికే వస్తారు. బాల నటుల వంటి కళాకారులకు కొన్ని షరతులతో మరొక మినహాయింపు ఉంది. పధ్నాలుగు నిండి పద్దెనిమిది నిండనివారిని చట్టం కౌమారులుగా గుర్తిస్తుంది. వారిని గనుల్లో, మండే పదార్థాలు లేదా పేలుడు పదార్థాలు ఉన్నచోట, ఫ్యాక్టరీల చట్టం ప్రమాదకరమని చెప్పిన ప్రక్రియల్లో పెట్టకూడదు. పుస్తకాల దుకాణం వంటి చోట పనిచేయవచ్చు.

అయితే గంటల విషయంలో చట్టం చాలా స్పష్టంగా ఉంది. ఏకబిగిన మూడు గంటలకు మించి పని చేయించకూడదు. ఆ తరువాత కనీసం ఒక గంట విశ్రాంతి ఇచ్చి తీరాలి. విశ్రాంతినీ, పని కోసం ఎదురుచూసే సమయాన్నీ కలుపుకొని రోజు మొత్తం ఆరు గంటలు దాటకూడదు. రాత్రి ఏడు నుంచి ఉదయం ఎనిమిది వరకు పని చేయించకూడదు, అదనపు గంటలు అడగకూడదు, వారానికి ఒక రోజు పూర్తి సెలవు ఇవ్వాలి. ఒక చోట పనిచేసిన రోజున ఇంకొక చోట పనిలో పెట్టకూడదు. పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, పనివేళలు, విశ్రాంతి వేళలు రిజిస్టరులో రాసి ఉంచడం యజమాని బాధ్యత. పధ్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టినా, కౌమారులను నిషిద్ధమైన పనుల్లో పెట్టినా ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు గానీ, ఇరవై వేల నుంచి యాభై వేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

పటమట గృహిణి గారూ, మీరు దుకాణం వారితో మాట్లాడేటప్పుడు ఈ గంటల సంగతి ముందే తేల్చుకోండి. తెలిసినవారే కదా అని మొహమాటపడితే చివరికి ఇబ్బంది పడేది పిల్లవాడే.

భవానీపురం తండ్రి:

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు గనుక రెండో వైపు కూడా వినాలని కోరుతున్నాను. మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది. ఎంపీసీ గానీ బైపీసీ గానీ తీసుకునే పిల్లలకు పదో తరగతి తరువాతి ఈ రెండు నెలలే ఊపిరి తీసుకునే సమయం. తరువాత రెండేళ్లు జేఈఈ, నీట్, ఈఏపీసెట్ అని పరుగే పరుగు. ఆ కాస్త తెరిపిని కూడా దుకాణంలో కట్టలు మోయడానికి ఇచ్చేస్తే పిల్లవాడు ఎప్పుడు నిద్రపోతాడు, ఎప్పుడు ఆడుకుంటాడు, ఎప్పుడు అమ్మమ్మ ఊరికి వెళ్తాడు? బాధ్యత నేర్పడానికి ఇంట్లో పనులు లేవా? బ్యాంకుకు పంపవచ్చు, రేషను కార్డు పని మీద సచివాలయానికి పంపవచ్చు, కూరగాయలకు రైతు బజారుకు పంపవచ్చు. దీనికి ఇంకొకరి కొట్లో జీతానికి నిలబడాలా?

ఆటోనగర్ మెకానిక్:

ఈ చర్చను మొదటి నుంచి చదువుతున్నాను. నాకు రాయడం అంతగా అలవాటు లేకపోయినా ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

నేను పదకొండో ఏట స్పానరు పట్టుకున్నాను. మా నాన్న చేసిన అప్పు తీరే వరకు షెడ్డు యజమాని దగ్గర ఉండాలని మాట. నాకు పని రావడం నిజమే, ఈ రోజు నా ఇల్లు ఆ పనితోనే నడుస్తున్నదీ నిజమే. కానీ అది నాకు మేలు చేసిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నాతో చదివినవారు ఆరో తరగతి పుస్తకాలు పట్టుకుని షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే నేను లారీ కింద పడుకుని గ్రీజు తుడిచేవాణ్ణి. నాకు రావలసిన డబ్బు నా చేతికి ఎప్పుడూ రాలేదు. ఒళ్లు వెచ్చబడిన రోజున కూడా రానని చెప్పే అవకాశం లేదు.

కాబట్టి పెద్దలందరినీ ఒకటి గుర్తుపెట్టుకోమని కోరుతున్నాను. వద్దనుకుంటే రేపటి నుంచి మానేయగలిగిన పిల్లవాడికీ, మానేస్తే ఇంట్లో పొయ్యి వెలగని పిల్లవాడికీ పని ఒకటే అయినా జరిగేది ఒకటి కాదు. మొదటివాడు నేర్చుకుంటాడు, రెండోవాడు అరిగిపోతాడు. ఈ అమ్మగారి అబ్బాయి మొదటి రకం. వాణ్ణి పంపడంలో తప్పు లేదు. కానీ పనిలో గొప్ప ఉందని మనం మాట్లాడే మాటలు విని రేపు ఎవరైనా తమ దగ్గర ఉన్న పేద పిల్లవాణ్ణి చూపించి వీడూ నేర్చుకుంటున్నాడని అనకూడదు.

నా షెడ్డుకు కూడా సెలవుల్లో కుర్రవాళ్లను పెట్టుకోమని ఏటా అడుగుతారు. వెల్డింగు, పెయింటు, బ్యాటరీ యాసిడ్, పెట్రోలు ఉన్నచోట పద్దెనిమిది నిండని పిల్లలను నేను పెట్టుకోను.

బ్రాడీపేట విశ్రాంత ఉపాధ్యాయుడు:

మీరు రాసినది ఈ చర్చలో అందరికంటే ముందు చెప్పవలసిన మాట. గుంటూరు జిల్లాలో పత్తి చేలకూ మిరప కోతలకూ పిల్లలు వెళ్లిపోతే హాజరు పట్టీలో వరుసగా ఖాళీలు చూసినవాణ్ణి నేను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇళ్లకు వెళ్లి బతిమాలి తీసుకువచ్చినా కొందరు తిరిగి వచ్చేవారు కాదు. అందుకే నేను చెప్పే పని సెలవుల్లో మొదలై సెలవుల్లోనే ముగిసేది, పిల్లవాడు ఇష్టపడి వెళ్లేది, ఇంటి ఖర్చు దాని మీద ఆధారపడనిది.

వన్‌టౌన్ వస్త్ర వ్యాపారి:

యజమాని వైపు నుంచి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మాది టోకు వస్త్రాల దుకాణం. వేసవిలో పెళ్లిళ్ల గిరాకీ ఉంటుంది కనుక తెలిసినవారి పిల్లలు కొందరు వస్తుంటారు. పదహారేళ్లు నిండనివారిని తీసుకోకూడదన్నది మేము పెట్టుకున్న నియమం.

మొదటి వారంలో మేము పిల్లవాడికి చీర మడత పెట్టడం ఒక్కటే నేర్పుతాం. చూడడానికి చిన్న పనే. కానీ కొనేవారికి ఇరవై చీరలు విప్పి చూపిస్తే రెండు తీసుకుంటారు. మిగిలిన పద్దెనిమిదింటినీ పాత మడత మీదే, అంచు పైకి వచ్చేలా, ధర చీటీ కనబడేలా తిరిగి పెట్టాలి. మడత తప్పితే పట్టు చీర మీద గీత పడుతుంది, తరువాత ఆ చీర ధర తగ్గించి అమ్ముకోవాలి. ఇది చేస్తున్నప్పుడు కొందరు పిల్లలు విసుక్కుంటారు. కొందరు మూడో రోజుకల్లా ఏ చీర ఏ అరలో ఉందో చూడకుండా చెప్పగలుగుతారు. ఆ రెండో రకం పిల్లలు చదువులోనూ నిలబడతారని నా నమ్మకం. వారికి ఉన్నది తెలివి మాత్రమే కాదు, ఓపిక కూడా.

ఇంకొక సంగతి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మాకు మనుషులు ఎక్కువ కావలసినది సాయంత్రం ఆరు దాటాకే, ఎండ తగ్గాకే జనం వస్తారు. న్యాయవాది గారు చెప్పిన ఏడు గంటల నియమం మా అవసరానికి సరిపోదు. అయినా పాటించాలి. అందుకని పిల్లలను ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు, భోజనం తరువాత రెండు నుంచి నాలుగు వరకు ఉంచుతాం. కొత్త సరుకు లెక్క చూసుకోవడం, చీటీలు అంటించడం, అరలు సర్దడం ఆ వేళలో జరిగిపోతాయి. గల్లాపెట్టె దగ్గర మాత్రం కూర్చోబెట్టం. డబ్బు తక్కువ వస్తే చిన్నపిల్లల మీద అనుమానం పడుతుంది, ఆ మచ్చ మనసులో ఉండిపోతుంది. ఏ తల్లిదండ్రులైనా దుకాణం వారిని అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. లెక్కలో తేడా వస్తే మా పిల్లవాడి నుంచి కోస్తారా అని అడగండి. తడబడితే పంపకండి.

పిల్లల వైద్యురాలు, విజయవాడ:

ఎండ గురించి ఎవరూ చెప్పలేదు. మన ఊళ్లో మే నెలలో ఉష్ణోగ్రత నలభై రెండు, నలభై మూడు డిగ్రీలు దాటడం మామూలే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. పిల్లవాడు నీడలో పనిచేసినా అక్కడికి వెళ్లి రావడం ఎండలోనే కదా. రేకుల షెడ్డు, గాలి ఆడని గిడ్డంగి, కరపత్రాలు పంచడం, ఇంటింటికీ తిరిగి అమ్మడం వంటి పనులకు ఈ నెలల్లో పిల్లలను పంపవద్దని గట్టిగా చెబుతున్నాను. బయలుదేరే ముందు మజ్జిగ తాగించండి, నీళ్ల సీసా వెంట ఉంచండి, దాహం వేయకపోయినా మధ్యమధ్య తాగమనండి. తలనొప్పి, వాంతి, కాళ్ల పిక్కలు పట్టేయడం కనిపిస్తే పని ఆపి నీడలో కూర్చోబెట్టి ఓఆర్ఎస్ ఇవ్వాలి. మాట తడబడినా, అయోమయంగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే తడిబట్టతో ఒళ్లు చల్లబరుస్తూ 108కి ఫోన్ చేయాలి.

రోజంతా నిలబడే పని అయితే మధ్యలో కూర్చోనివ్వమని ముందే అడగండి. ఎదిగే వయసు కాబట్టి ఎనిమిది గంటల నిద్ర తగ్గకూడదు.

గుంటూరు న్యాయవాది:

డాక్టరు గారు వెళ్లి రావడం గురించి రాశారు కనుక ఇంకొక హెచ్చరిక. పదహారు నిండితే యాభై సీసీకి మించని బండి నడపడానికి లైసెన్సు ఇస్తారు గానీ మన ఇళ్లలో ఉండే స్కూటర్లన్నీ అంతకంటే పెద్దవే. పద్దెనిమిది నిండనివారు వాటిని నడుపుతూ పట్టుబడితే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం తల్లిదండ్రులకు గానీ బండి యజమానికి గానీ మూడేళ్ల వరకు జైలు, ఇరవై ఐదు వేల రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దవుతుంది, ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు వచ్చే వరకు లైసెన్సు ఇవ్వరు. దుకాణం వారు దగ్గరలోనే ఇచ్చి రమ్మని తాళంచెవి చేతిలో పెట్టినా తీసుకోకూడదని అబ్బాయికి ముందే చెప్పండి.

తాడేపల్లి డిగ్రీ విద్యార్థిని:

నమస్కారం. ఇంతవరకు అందరూ అబ్బాయిల గురించే రాశారు. అమ్మాయిలకు వేసవి సెలవులంటే వంటింటి సాయం, తమ్ముళ్లను చూసుకోవడం, పచ్చళ్ల పని. దానిని ఎవరూ పని కింద లెక్కపెట్టరు, అందులో నేర్చుకున్నదాన్ని ఎవరూ నైపుణ్యం అనరు. అందుకే నా అనుభవం రాయాలనిపించింది.

మా పిన్ని ఇంట్లోనే ఆవకాయ, మాగాయ పెట్టి ఇతర ఊళ్లకు పంపుతుంది. ఇంటర్ మొదటి సంవత్సరం అయ్యాక నేను ఆమె దగ్గర ఉన్నాను. మొదట నాకు ఇచ్చిన పని కాయలు కడిగి, తుడిచి, ముక్కల మీద తడి లేకుండా చూడడం. ఒక్క ముక్క తడిగా ఉన్నా జాడీ మొత్తం బూజు పడుతుంది కాబట్టి ముక్కను వేలితో తడిమి, లోపలి జీడి పొర తీసి, పొడిబట్టతో మళ్లీ తుడవాలి. తరువాత గుంటూరు కారం, ఆవపిండి, ఉప్పు, నువ్వుల నూనె పాళ్లు రాసుకుని ప్రతి విడతకూ ఖర్చు లెక్క కట్టడం నాకు అప్పగించింది. ఆ లెక్క వేసినప్పుడే చిన్న సీసాల మీద మాకు నష్టం వస్తోందని తెలిసింది. అరకిలో పచ్చడికి మిగిలేదానికంటే సీసా పగలకుండా కట్టే అట్టపెట్టెకూ కొరియరుకూ ఎక్కువ పోతోంది. పిన్నికి చూపిస్తే కిలోకి తక్కువ ఆర్డర్లు తీసుకోవడం మానేసింది. నేను చెప్పిన మాట విని ఒక పెద్దావిడ తన వ్యాపారం మార్చుకోవడం నాకు కలిగించిన ధైర్యం ఏ మార్కుల జాబితా వల్లా రాలేదు. డిగ్రీలో కామర్స్ తీసుకున్నది కూడా అందువల్లనే.

తరువాతి వేసవిలో ఒక దుకాణంలో బిల్లింగు పనికి వెళ్లాను. అక్కడ నెలాఖరున చెప్పినదానిలో సగమే ఇచ్చి, శిక్షణ కాలమని మిగతాది ఎగ్గొట్టారు. ముందే కాగితం మీద రాయించుకోవాలని అక్కడ తెలిసింది. అమ్మాయిలను పంపేవారు ఇంకొన్ని చూడాలి. పనిచేసే చోట ఇంకొక స్త్రీ ఉందా, వాడదగిన మరుగుదొడ్డి ఉందా, ఇంటికి ఫోన్ చేసుకోనిస్తారా అని మొహమాటం లేకుండా అడగండి. వీలైతే మొదటి రోజు మీరే వెంట వెళ్లి చూడండి.

పట్టాభిపురం పరిశోధక విద్యార్థి:

వేసవి పని వల్ల మేలు జరుగుతుందా అన్న మొదటి ప్రశ్నకు అమెరికాలో జరిగిన కొన్ని అధ్యయనాలు ఉపయోగపడతాయి. 2012 వేసవిలో షికాగోలో హింస ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లోని పదమూడు ఉన్నత పాఠశాలల నుంచి 1,634 మంది పిల్లలను తీసుకుని, లాటరీ వేసి కొందరికి ఎనిమిది వారాల పాటు పార్ట్‌టైమ్ పని ఇచ్చారు. వెంట ఒక పెద్ద మనిషిని మార్గదర్శిగా ఉంచారు. పదహారు నెలల తరువాత చూస్తే, పని దొరకనివారితో పోల్చినప్పుడు పని దొరికినవారిలో హింసాత్మక నేరాల కింద అరెస్టులు 43 శాతం తక్కువగా ఉన్నాయి. సారా హెల్లర్ చేసిన ఈ అధ్యయనం 2014లో సైన్స్ పత్రికలో వచ్చింది. పని ముగిశాక కూడా ఆ తేడా కొనసాగింది కాబట్టి పిల్లలు తీరిక లేక గొడవలకు దూరంగా ఉన్నారని మాత్రమే సరిపెట్టుకోలేం.

న్యూయార్క్ నగరంలోనూ పిల్లలకు లాటరీ పద్ధతిలో వేసవి పనులు ఇస్తారు. 2005 నుంచి 2008 వరకు దరఖాస్తు చేసుకున్నవారిని ఆర్థికవేత్తలు పరిశీలించారు. పని దొరికినవారిలో మరణాలూ జైలు పాలవడమూ తగ్గాయి. అయితే తరువాతి సంవత్సరాల్లో వారి సంపాదన పెరగలేదు, కళాశాలలో చేరేవారి సంఖ్యలోనూ మార్పు లేదు. వేసవిలో పనిచేస్తే రేపు పెద్ద ఉద్యోగం వస్తుందని పిల్లలకు ఆశ పెట్టకూడదని నేను దీని నుంచి గ్రహిస్తున్నాను. మన ఊరి పరిస్థితులు వేరు, మన పిల్లల కష్టాలు వేరు, కాబట్టి ఈ ఫలితాలను ఇక్కడికి నేరుగా తెచ్చుకోలేం. అయినా పెద్దలు పట్టించుకునే చోట పనిచేయడం కౌమారంలో ఉన్నవారి నడవడి మీద ప్రభావం చూపుతుందన్నది మాత్రం తీసిపారేయలేని విషయం.

భవానీపురం తండ్రి:

అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. రోజుకు ఐదు గంటలు, వారానికి ఒక సెలవు, మూడు నాలుగు వారాలు అంటే నేను భయపడినంత భారం కాదని ఒప్పుకుంటున్నాను. కానీ నా మొదటి మాటను పూర్తిగా వదులుకోలేను. పిల్లవాడు తానే అడిగితే పంపండి. పక్కింటి అబ్బాయి వెళ్తున్నాడనో, బాధ్యత నేర్పాలనో ఇష్టం లేనివాణ్ణి నెట్టకండి. అలా నెడితే అది ఇంకొక ట్యూషనే అవుతుంది.

బ్యాంకు ఉద్యోగి, లబ్బీపేట:

డబ్బు విషయం అడిగారు. తప్పకుండా తీసుకోనివ్వండి. డబ్బు లేకుండా చేస్తే అది సాయమవుతుంది, ఇష్టమైన రోజు వెళ్లి ఇష్టం లేని రోజు మానేసే వీలు ఉంటుంది. జీతం పుచ్చుకున్నప్పుడే మాట నిలబెట్టుకోవలసిన అవసరం తెలుస్తుంది. పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరుతో పొదుపు ఖాతా తెరిచి తామే నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు అనుమతి ఉంది, పరిమితులు మాత్రం ఒక్కో బ్యాంకులో ఒక్కోలా ఉంటాయి. జీతం ఆ ఖాతాలో వేయమని అడగండి, దానివల్ల ఎంత ఇచ్చారన్నదానికి రుజువు కూడా ఉంటుంది. ఫారాలు వాడి చేతనే నింపించండి. డిగ్రీ పూర్తయిన పిల్లలు కూడా డబ్బు కట్టే చలానా నింపలేక కౌంటరు ముందు నిలబడిపోవడం మేము రోజూ చూస్తున్నాం.

ఆ డబ్బుతో ఏం చేయాలో వాడినే నిర్ణయించుకోనివ్వండి. ఇంట్లోవారు తీసుకుని దాచిపెడితే సగం ప్రయోజనం అక్కడే పోతుంది.

బ్రాడీపేట విశ్రాంత ఉపాధ్యాయుడు:

దుకాణాలు కుదరనివారికి ఒక సూచన. గుంటూరులో చాలామంది ముందు మిర్చి యార్డును తలుచుకుంటారు గానీ మే నెలలో యార్డుకు సాధారణంగా వేసవి సెలవులు ఇస్తారు, పైగా ఆ ఘాటు పిల్లలకు మంచిది కాదు. గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు జరుగుతాయి. అక్కడ చిన్నపిల్లలకు కథలు చదివి వినిపించడానికీ, పుస్తకాలు సర్దడానికీ పదో తరగతి దాటిన పిల్లలు ఉపయోగపడతారు. జీతం ఉండదు, కానీ వేళకు వెళ్లడమూ ఒకరికి జవాబు చెప్పడమూ అలవాటవుతాయి. విజయవాడలో లెనిన్ సెంటరు పాత పుస్తకాల దుకాణాల వారిని కూడా అడిగి చూడవచ్చు.

పటమట గృహిణి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మీ సమాధానాలన్నీ మా మామగారికి చదివి వినిపించాను. ఆటోనగర్ సోదరుడు రాసినది రెండోసారి చదవమన్నారు. ఆయన చిన్నప్పుడు తెనాలిలో ఒక కిరాణా కొట్లో పొట్లాలు కట్టారని, ఆ ఏడాదే వారి తమ్ముడి చదువు ఆగిపోయిందని మాకు మొదటిసారి చెప్పారు. ఆయనకు భయం పరువు గురించి కాదని అప్పుడు అర్థమైంది. ఇంటర్‌లో చేర్చే రసీదు చేతికి వచ్చాకే పిల్లవాడు దుకాణానికి వెళ్లాలని షరతు పెట్టారు. మేము ఒప్పుకున్నాం.

ఈ ఉదయం నేనూ అబ్బాయీ వెళ్లి దుకాణం యజమానితో మాట్లాడాం. ఉదయం పదింటి నుంచి ఒంటిగంట వరకు, మళ్లీ రెండు నుంచి నాలుగు వరకు, ఆదివారం సెలవు, మే నెలాఖరుతో పని పూర్తి. గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టరు, బండి మీద పంపరు, గిడ్డంగిలోకి ఒంటరిగా వెళ్లనివ్వరు. లెక్కలో తేడా వస్తే కోస్తారా అని వస్త్ర వ్యాపారి గారు చెప్పినట్టే అడిగాను. కోయమని వెంటనే అన్నారు. జీతం ఎంతో అబ్బాయే అడిగాడు, గొంతు కాస్త వణికింది గానీ అడిగాడు. అన్నీ ఒక కాగితం మీద రాసి ఇద్దరమూ సంతకాలు పెట్టాం. రిజిస్టరులో రాయడానికి ఆధార్ జిరాక్సు, పదో తరగతి హాల్ టికెట్టు తెమ్మన్నారు. ఖాతా తెరవడానికి సోమవారం బ్యాంకుకు వెళ్తున్నాం. లబ్బీపేట సోదరుడు గారూ, మైనరు ఖాతాకు పాన్ కార్డు తప్పనిసరా, లేక ఆధార్‌తో సరిపోతుందా అన్నది మీ శాఖలో ఎలా ఉందో తెలియజేయగలరు.